ఋతువుల వెంట నడిచే క్యాలెండరు: ఏ అమరికను ఎంచుకోవాలి?

జనవరి ఒకటో తేదీకి ఆకాశంలో ఏ ఆనవాలూ లేదు. సూర్యుడు ఆ రోజున ఏ మలుపూ తిరగడు. దాదాపు పది రోజుల ముందే, డిసెంబరు 21నో 22నో, తిరిగిపోయి ఉంటాడు. పేరులో ఏడు ఉన్న సెప్టెంబరు తొమ్మిదో నెల, పేరులో పది ఉన్న డిసెంబరు పన్నెండోది. అలవాటు వల్ల ఇవేవీ మనకు వింతగా తోచవు గాని, ఎండనూ వాననూ చలినీ గమనిస్తూ బతకాలనుకునే మనిషికి ఈ తేదీలు ఏమీ చెప్పవు. ఋతువులను బట్టి సొంతంగా ఒక క్యాలెండరు కూర్చుకోవాలనే కోరిక అక్కడే పుడుతుంది.

నాకూ అలాగే పుట్టింది. కొన్నేళ్లుగా ఒక నోటుపుస్తకంలో రకరకాల అమరికలు గీసి చూస్తున్నాను. మొదట ముచ్చటపడ్డవాటిలో చాలావాటిని వదిలేశాను. ఏది ఎందుకు వదిలానో, ఏది ఎవరికి పనికొస్తుందో చెబితే ఇదే దారిలో ఉన్నవారికి కొంత శ్రమ తగ్గుతుందని ఈ వ్యాసం.

ముందుగా ఒక సంగతి. ఋతువులు మళ్లీ మొదటికి రావడానికి పట్టే కాలం సగటున 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. దీన్ని వారాలుగా, నెలలుగా, ఋతువులుగా ఎలా కోసినా సమంగా తెగదు. మిగులు ఎప్పుడూ ఉంటుంది. నెలలన్నీ సమానంగా ఉండాలంటే ఆ మిగులు సంవత్సరం చివర చేరుతుంది. వారం తెగకూడదంటే కొత్త సంవత్సరం తేదీ అటూ ఇటూ ఊగుతుంది. ఎవరి క్యాలెండరు చూసినా, వారు మిగులును ఎక్కడ దాచారో చూస్తే చాలు, వారికి ఏది ముఖ్యమో తెలిసిపోతుంది.

సూర్యుడా, నక్షత్రాలా, చంద్రుడా, చెట్టా?

సంవత్సరాన్ని దేనికి ముడివేయాలన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత అందంగా అమర్చినా లాభం లేదు.

సూర్యుడి నాలుగు మలుపులకు ముడివేయడం ఒక దారి. పగలూ రాత్రీ సమానమయ్యే రెండు విషువత్తులు, పగలు అత్యంత దీర్ఘంగానూ అత్యంత హ్రస్వంగానూ ఉండే రెండు అయనాంతాలు. దీన్ని సాయన పద్ధతి అంటారు. ఋతువులకు కారణం భూమి అక్షం వంపు. ఆ వంపు సూర్యుడికి ఎటు తిరిగి ఉందో చెప్పేవి ఈ నాలుగు బిందువులే. కాబట్టి ఋతువులే లక్ష్యమైనప్పుడు ఇంతకంటే గట్టి మేకు లేదు.

నక్షత్రాలకు ముడివేయడం రెండోది, నిరయన పద్ధతి. సూర్యుడు ఒక నక్షత్రం దగ్గరికి తిరిగి రావడానికి 365.2564 రోజులు పడుతుంది, అంటే ఋతువుల సంవత్సరం కంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. ఇరవై నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ దాదాపు 71 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. నిరయన లెక్కలో మకర సంక్రమణం, ఉత్తరాయణం మొదలయ్యే అయనాంతం క్రీ.శ. 285 ప్రాంతంలో ఒకే రోజున పడేవి. ఇప్పుడు అయనాంతం డిసెంబరు 21, 22 తేదీల్లో వస్తుంటే మకర సంక్రమణం జనవరి 14, 15 తేదీలకు జరిగింది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కించే పద్ధతి నాకు ఎంతో ఇష్టం. వాతావరణాన్ని గమనించడానికి నెల కంటే కార్తె చాలా తగిన కొలత. అయినా దాని పునాది కదులుతోంది. కార్తెల్లాంటి చిన్న భాగాలు కావాలనుకుంటే వాటిని నక్షత్రాల నుంచి కాక విషువత్తు నుంచి లెక్కించమని నా సలహా.

చంద్రుడి సంగతి వేరు. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులకు కొంచెం ఎక్కువ. ఋతువుల సంవత్సరానికి దాదాపు పదకొండు రోజులు తక్కువ. పందొమ్మిదేళ్లలో ఏడు అధికమాసాలు వేస్తే లెక్క చక్కగా కుదురుతుంది గాని, ఆ మధ్యకాలంలో సంవత్సరాది నెల రోజుల మేర ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఒకే తిథి ఒక ఏడు ఎండలో, మరో ఏడు మబ్బుల్లో రావచ్చు. రాత్రి వెలుగునూ సముద్రపు పోటుపాట్లనూ బట్టి పనిచేసేవారికి చంద్రుడు తప్పనిసరి. మిగిలినవారు పౌర్ణమినీ అమావాస్యనూ పేజీ అంచున గుర్తు పెట్టుకుంటే చాలు. నెల కొలతగా తీసుకోనక్కరలేదు.

ఇక ప్రకృతికే నేరుగా ముడివేయడం: మొదటి చిగురు, మొదటి వాన, వలస పక్షి రాక. నిజాయితీలో దీన్ని మించింది లేదు. క్యోటోలో చెర్రీపూలు విరబూసిన తేదీల దాఖలాలు క్రీ.శ. 812 నుంచి ఉన్నాయి. ఆ పన్నెండు వందల ఏళ్లలోనూ అతి త్వరగా పూలు విరిసిన తేదీల్లో ఒకటి 2021 మార్చి 26. వేడెక్కుతున్న భూమి సంగతి ఒక చెట్టు ఇంత సూటిగా చెప్పగలదు. అయితే అలాంటి క్యాలెండరుతో రేపటి తేదీ చెప్పలేం. ‘పూలు పూసిన పదో రోజున కలుద్దాం’ అంటే ఎదుటివారు ఏ రోజున రావాలి? ఇది జరిగినదాన్ని రాసుకునే పుస్తకం అవుతుంది గాని రాబోయేదాన్ని పంచుకునే క్యాలెండరు కాదు. ఈ గమనింపును పారేయకండి. దాని చోటు వేరే ఉంది, చివర చెబుతాను.

అయనాంతం ఋతువుకు మొదలా, నడుమా?

సాయన పద్ధతి ఎంచుకున్నాక కూడా ఒక చిక్కు ఉంది. జూన్ అయనాంతం వేసవికి మొదటి రోజని కొందరి లెక్క. పగలు అత్యంత దీర్ఘంగా ఉండే రోజు వేసవికి నడినెత్తి అవుతుంది గాని మొదలెలా అవుతుందని మరికొందరి ప్రశ్న. చైనా సంప్రదాయం రెండోదాన్నే పట్టుకుంది: అక్కడ వసంతం ఫిబ్రవరి 4 ప్రాంతంలోనే మొదలై, మార్చి విషువత్తుకు నడుముకు చేరుతుంది.

ఇద్దరి మాటా నిజమే, వారు కొలుస్తున్నవి వేరు. వెలుగును కొలిచేవారికి అయనాంతమే నడుమ. వేడిని కొలిచేవారికి కాదు. నేల వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి సమశీతోష్ణ ప్రాంతాల్లో అత్యధిక ఉష్ణోగ్రత అయనాంతం దాటి నెలకు కాస్త అటూ ఇటుగా వస్తుంది. సముద్రం పక్కన ఇంకా ఆలస్యం. వాతావరణ శాస్త్రవేత్తలు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలను కలిపి ఉత్తరార్ధగోళపు చలికాలంగా తీసుకోవడానికి కారణాల్లో ఇదొకటి. మీరు తోటపని కోసం క్యాలెండరు కూర్చుకుంటుంటే వేడినీ, నిద్ర వేళలూ నడక వేళలూ వంటి దినచర్య కోసమైతే వెలుగునూ అనుసరించండి. రెండూ కావాలంటే ఎనిమిది బిందువుల పద్ధతి మంచిది. నాలుగు మలుపులు, వాటి నడిమధ్య మరో నాలుగు గుర్తులు. ఒక్కో భాగం దాదాపు నలభై ఆరు రోజులు. దేన్ని ఋతువు మొదలుగా పిలుచుకోవాలో తర్వాత నిదానంగా తేల్చుకోవచ్చు.

నాలుగు సమాన భాగాలు లేవు

ఋతువులు నాలుగూ సమానమనుకుని గీతలు గీసేవారు పడే పొరపాటు ఇక్కడుంది. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు. జనవరి మొదటి వారంలో సూర్యుడికి దగ్గరగా వచ్చి వేగంగా, జూలై మొదటి వారంలో దూరంగా ఉండి నెమ్మదిగా కదులుతుంది. అందువల్ల మార్చి విషువత్తు నుంచి జూన్ అయనాంతానికి సుమారు 92.75 రోజులు, అక్కడి నుంచి సెప్టెంబరు విషువత్తుకు 93.65, అక్కడి నుంచి డిసెంబరు అయనాంతానికి 89.85, తిరిగి మార్చికి 89 రోజులు. రెండు అర్ధభాగాల మధ్య తేడా ఏడున్నర రోజులు.

దీన్ని బాగా పట్టించుకున్నది ఇరాన్ సౌర క్యాలెండరు. 1925లో అధికారికమైన దాని ప్రస్తుత రూపంలో మొదటి ఆరు నెలలకు 31 రోజులు, తర్వాతి ఐదింటికి 30, చివరి నెలకు 29 లేదా 30. మొదటి సగం 186 రోజులు. పైన చెప్పిన రెండు భాగాలు కూడితే 186.4. ఇంత తేలికగా గుర్తుండే అమరిక ఆకాశానికి ఇంత దగ్గరగా ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన భారత జాతీయ క్యాలెండరు కూడా, మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసుతో, ఇదే బాటలో నడిచింది: చైత్రానికి 30 రోజులు, లీపు సంవత్సరంలో 31, వైశాఖం నుంచి భాద్రపదం వరకు 31 చొప్పున, మిగిలిన ఆరు నెలలకు 30.

నెలలన్నీ ముప్ఫై రోజులే ఉండాలని పట్టుబట్టింది ఫ్రెంచి విప్లవ క్యాలెండరు. 1793లో ఆమోదం పొంది, 1792 సెప్టెంబరు 22ను మొదటి రోజుగా లెక్కించింది. పన్నెండు ముప్ఫైలు, చివర ఐదారు విడి రోజులు. కాగితం మీద ఇది మొరటుగా కనిపించినా, సంవత్సరాన్ని సెప్టెంబరు విషువత్తుతో మొదలుపెట్టడం దాన్ని కాపాడింది. పొట్టి ఋతువులు రెండూ ముందు వచ్చాయి, విడి రోజులు వేసవి చివర చేరాయి. నేను లెక్కవేసి చూస్తే నాలుగు మలుపుల్లో ఏదీ రెండు రోజులకు మించి తప్పడం లేదు. ఇదే అమరికను మార్చి నుంచి మొదలుపెట్టి చూడండి. ఆరు నెలలకు 180 రోజులు గడిచి కొత్త ఋతువు వచ్చేసిందని క్యాలెండరు అంటుంది. విషువత్తు మాత్రం ఇంకా ఆరు రోజుల దూరంలో ఉంటుంది. కాబట్టి సమాన నెలలే కావాలంటే సెప్టెంబరుతో మొదలుపెట్టండి. మార్చితో మొదలుపెట్టాలంటే ఇరాన్ అమరికను తీసుకోండి. ఈ రెండింటినీ కలగలపకండి.

ఆరు ఋతువులుగా చేస్తే ఒక్కోటి రెండు నెలలు. చలి, ఎండలతో పాటు వానకూ చోటు కావాల్సిన ఉష్ణమండలంలో నాలుగు కంటే ఆరు ఎంతో బాగా నప్పుతాయి. ఇరవై నాలుగుగా చేస్తే ఒక్కోటి పదిహేను రోజుల చిల్లర. డెబ్బై రెండు చేస్తే ఐదేసి రోజులు. రోజూ బయటికి వెళ్లి చూసి రాసుకునే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

వారాన్ని ముట్టుకోవాలా?

నేను మొదట గీసింది పదమూడు నెలల క్యాలెండరు. ఒక్కో నెలకు 28 రోజులు, సరిగ్గా నాలుగు వారాలు. ప్రతి నెలా వారంలోని ఒకే రోజుతో మొదలవుతుంది. మోజెస్ కాట్స్‌వర్త్ 1902లో ప్రతిపాదించిన రూపం ఇదే. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 1928 నుంచి 1989 వరకు తన లోపలి లెక్కలకు దీన్నే వాడింది. జీతాలకూ జమాఖర్చులకూ ఇంతకంటే శుభ్రమైనది దొరకదు. కానీ పదమూడును నాలుగుతో భాగించండి: ఋతువుకు మూడుంపావు నెలలు. ప్రతి మలుపూ ఏదో ఒక నెల మధ్యలో పడుతుంది. ఋతువుల కోసం బయలుదేరి ఋతువులనే ముక్కలు చేసే అమరికకు చేరడం నాకు నచ్చలేదు. దాన్ని వదిలేయడానికి కష్టమనిపించిన మాట నిజమే, అంత అందంగా ఉంటుంది.

వారాలు కావాలి, ఋతువులూ తెగకూడదు అనుకుంటే 91 రోజుల భాగాలు నాలుగు మేలు. 91 అంటే పదమూడు వారాలు. ఎలిజబెత్ అకేలిస్ 1930 నుంచి ప్రచారం చేసిన ప్రపంచ క్యాలెండరులో ఒక్కో భాగం 31, 30, 30 రోజుల నెలలుగా ఉంటుంది. నాలుగు భాగాలకు 364. మిగిలిన ఒక్క రోజుకు ఏ వారమూ ఉండదు. అసలు గొడవ అక్కడే. ఏడో రోజును పవిత్రంగా పాటించే మతాలకు వారం వరుస తెగడం ఒప్పుకోలేని విషయం. ఈ కారణాన్నే ముందుంచి అమెరికా 1955లో అభ్యంతరం చెప్పింది. ఐక్యరాజ్యసమితిలో ఆ ప్రతిపాదన నిలవలేకపోయింది. ఫ్రాన్సులో పది రోజుల వారం, సోవియట్ యూనియన్‌లో 1929 నుంచి ఐదు రోజులదీ తర్వాత ఆరు రోజులదీ కూడా నిలవలేదు; 1940లో ఏడు రోజుల వారమే తిరిగి వచ్చింది. ఫ్రాన్సులోలాగా తొమ్మిది పనిదినాల తర్వాత ఒక సెలవు అంటే జనం ఎలా ఒప్పుకుంటారు?

విడి రోజుకు బదులు లీపు వారం వేసే పద్ధతీ ఉంది: మామూలు ఏడు 364 రోజులు, కొన్ని ఏళ్లకు 371. నాలుగు వందల గ్రెగోరియన్ సంవత్సరాల్లో సరిగ్గా 20,871 వారాలు ఉంటాయి కాబట్టి 71 లీపు వారాలతో లెక్క కుదిరిపోతుంది. వారం వరుస చెదరదు. కానీ విషువత్తు తేదీ వారం రోజుల మేర ఊగుతుంది. బడికీ కార్యాలయానికీ అయితే ఇది చక్కని ఎంపిక. ఋతువులను గమనించేవారికి ఆ ఊపు ఎక్కువే.

నా మాట అడిగితే వారాన్ని వారంలా నడవనివ్వండి. మీ క్యాలెండరు తేదీ పక్కన సోమ, మంగళ అని రాసుకోండి, అంతే. చుట్టూ ఉన్న మనుషులతో మిమ్మల్ని కలిపి ఉంచేది వారమే. దాన్ని మార్చిన క్యాలెండరును మీరు ఒక్కరే పాటించాల్సి వస్తుంది.

అధిక దినం ఎవరు నిర్ణయించాలి?

ఆకాశం చూసి నిర్ణయించడం, సూత్రంతో నిర్ణయించడం అని రెండు మార్గాలు. ఇరాన్‌లో మొదటి మార్గం: విషువత్తు ఘడియ టెహ్రాన్ మధ్యాహ్నానికి ముందు వస్తే ఆ రోజే సంవత్సరాది, తర్వాత వస్తే మర్నాడు. ఋతువులకు ఇది ఎప్పుడూ దూరం కాదు. కాకపోతే ఒక ప్రామాణిక స్థలాన్ని ఎంచుకుని తీరాలి. విషువత్తు ఘడియ ప్రపంచమంతటికీ ఒకటే అయినా, ఒకచోట అది ఈ రాత్రి అయితే ఇంకోచోట రేపటి ఉదయం.

సూత్రమే కావాలంటే 33 ఏళ్లలో ఎనిమిది లీపు సంవత్సరాలు పెట్టండి. సగటు 365.2424 రోజులు వస్తుంది. మార్చి విషువత్తు నుంచి మార్చి విషువత్తు వరకు ఉండే సగటు కాలం కూడా అంతే. గ్రెగోరియన్‌ది 400 ఏళ్లకు 97, సగటు 365.2425. ఇదీ తక్కువదేమీ కాదు గాని, ఆ నాలుగు వందల ఏళ్ల లోపల విషువత్తు రెండు రోజులకు పైగా అటూ ఇటూ జరుగుతుంది. 33 ఏళ్ల చక్రంలో ఆ కదలిక చాలా తక్కువ.

అధిక దినమే వద్దనుకుంటే ఏమవుతుందో పాత ఈజిప్టు చూపించింది. వరద, మొలక, కోత అని మూడు ఋతువులు, ఒక్కోదానికి నాలుగు నెలలు, చివర ఐదు రోజులు. నాలుగేళ్లకొక రోజు చొప్పున జారిపోతూ, ‘వరద’ అని పేరున్న నెలలు వరద లేని కాలానికి చేరాయి. క్రీ.పూ. 238లో అధిక దినం వేయాలని శాసనం వచ్చినా అది అమలు కాలేదు.

పేర్ల దగ్గర తొందర వద్దు

కొత్త క్యాలెండరు మొదలుపెట్టేవారిలో చాలామంది ముందు నెలలకు పేర్లు పెడతారు. ఆ సరదా నాకు తెలుసు. ఫ్రెంచి నెలలకు కూడా మంచు, పొగమంచు, చిగురు, కోత లాంటి అందమైన పేర్లు పెట్టారు. అవి ప్యారిస్ చుట్టుపక్కల వాతావరణానికి సరిపోయాయి. ఫ్రాన్సు ఏలుబడిలోని ఉష్ణమండల దీవుల్లో ‘మంచు నెల’కు అర్థం ఏముంది? భూమధ్యరేఖకు దక్షిణాన అయితే వరుసంతా తలకిందులు. ప్రపంచమంతటికీ చెల్లుతుందని చెప్పిన క్యాలెండరు, పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఊరిదైపోయింది.

జపాన్ చేసిన పని దీనికి పూర్తిగా భిన్నం, నేను పైన దాచి ఉంచిన సమాధానం కూడా అదే. సంవత్సరాన్ని డెబ్బై రెండు భాగాలు చేసే పద్ధతి చైనా నుంచి వచ్చింది. ఒక్కో భాగానికి ప్రకృతిలో కనిపించే ఒక ఆనవాలు పేరుగా ఉండేది. చైనా ఆనవాళ్లు జపాన్‌లో అదే సమయంలో కనిపించవు. 1685లో ఖగోళవేత్త షిబుకావా షుంకాయ్ భాగాలను అలాగే ఉంచి, పేర్లను మాత్రం జపాన్ వాతావరణానికి సరిపడేలా తిరగరాశారు. ఎముకల గూడు సూర్యుడిది, ఒంటి మీది బట్ట ఆ నేలది. ఆస్ట్రేలియా నైరుతి మూలన ఉన్న నూంగార్ ప్రజలకు ఆరు ఋతువులున్నాయి. వాటి హద్దులను పూలు, గాలులు, జంతువుల తీరు చెబుతాయి. అలాంటి గమనింపును తెచ్చి సూర్యుడి భాగాల మీద పరిస్తే తేదీలూ పంచుకోవచ్చు, ప్రకృతికీ దూరం కానక్కరలేదు.

కాబట్టి లెక్కను ఒకచోట, పేరును మరోచోట ఉంచండి. మీరు ఒక్కరే మీ కోసం కూర్చుకుంటుంటే ఎనిమిది బిందువులతో మొదలుపెట్టండి; నెలలు కూడా అక్కరలేదు, ‘విషువత్తు తర్వాత పన్నెండో రోజు’ అంటే చాలు. పదిమంది కలిసి పాటించాలంటే ఇరాన్ నెలల అమరిక, 33 ఏళ్ల సూత్రం, మామూలు వారం. వేర్వేరు అర్ధగోళాల్లో ఉన్నవారు కలిసి వాడాలంటే నెలలకు వరుస సంఖ్యలే ఉంచి, పేర్లు ఎవరి చోట వారు పెట్టుకోవాలి. కథ కోసం ఒక లోకపు క్యాలెండరును ఊహిస్తున్నవారు ఈజిప్టులాగా జారిపోయేదాన్ని ఎంచుకోవచ్చు. పేరుకూ కాలానికీ మధ్య పెరిగే దూరంలో మంచి కథ ఉంటుంది.

నా నోటుపుస్తకంలో ఇప్పుడున్నది పన్నెండు నెలలు, మార్చి విషువత్తుతో మొదలు, ఒక్కో నెలకు రెండు భాగాలు. మొదటి ఏడాది వాటికి పేర్లు పెట్టలేదు. ఒక్కో భాగం ఎదుట ఖాళీ గీత వదిలి, ఆ పదిహేను రోజుల్లో మొదటిసారి కనిపించినదాన్ని రాశాను. రెండో ఏడాదీ మూడో ఏడాదీ అదే గీత మీద రాశాను. మూడేళ్లూ ఒకే మాట పడిన చోట్ల ఆ మాటే పేరయింది. ఇరవై నాలుగింటిలో ఇప్పటికి తొమ్మిదింటికి పేర్లున్నాయి. మిగిలినవి ఇంకా ఖాళీగానే ఉన్నాయి.